ఆ దోమలు మీ ఊరివే, అన్నయ్యగారూ

జిల్లేళ్లపాలెం,
సోమవారం.

ఈతలమిట్ట సర్పంచ్, మా వియ్యంకులు అంకమ్మరావు అన్నయ్యగారికి,

జిల్లేళ్లపాలెం సర్పంచ్ రాఘవమ్మ కోపంగా ఉన్నా నమస్కారం పెట్టే రాస్తున్నది.

మొన్న ఫోన్లో మాట్లాడుకోబోయి ఇద్దరం ఎంతలా అరుచుకున్నామో మీకూ తెలుసు. అక్కడ కోటేశ్వరి వదినగారు హడలిపోయి టీవీ కట్టేశారట. "ఇక మీరిద్దరూ ఫోన్లు చేసుకోవద్దు, ఏమున్నా కాగితం మీద రాసుకోండి, కాగితానికి గొంతుండదు" అని మా బిందుమాధవి ఆర్డరేసింది. నాకు కూతురు, మీకు కోడలు, పైగా కడుపుతో ఉన్న పిల్ల. దాని మాట తీసెయ్యలేక రాస్తున్నాను.

విషయం దోమలు. నిన్న సాయంత్రం మీ ఊళ్లో పొగ మిషను తిప్పారు. తిప్పండి, మీ ఊరు మీ ఇష్టం. కానీ ముందు మాకొక మాట చెప్పాలా అక్కర్లేదా? గాలి మీ వైపు నుంచి మా వైపు వీస్తోంది. మీ దోమలన్నీ దగ్గుకుంటూ డొంక దాటి మా ఊళ్లో దిగాయి. రాత్రంతా మా జనం ఒళ్లు చరుచుకుంటుంటే ఊరంతా భజన జరుగుతున్నట్టుంది. అసలే మాకు డెంగీ జ్వరాలు మొదలయ్యాయి. పత్తి తీతలకి మనుషులు లేచే పరిస్థితి లేదు. మా నాయనమ్మ కాలంలో ఊరికి జబ్బు తగిలితే చిన్న బండి కట్టి, పసుపు కుంకుమలు పెట్టి, డప్పులతో పొలిమేర దాటించేవాళ్లట. అవతలి ఊరివాళ్లు దాన్ని ఇంకో ఊరికి నెట్టేవాళ్లట. మీరు డప్పులు లేకుండా మిషనుతో అదే పని చేశారు. కనీసం డప్పులు కొట్టినా మేం తలుపులేసుకునేవాళ్లం కదండీ!

రెండోది టైర్లు. కరోనా అప్పుడు మేం మీ ఊరికి రాకుండా డొంకకి అడ్డంగా ట్రాక్టరు టైర్లు పేర్పించారు. కరోనా పోయింది, ఆ టైర్లు మాత్రం డొంక పక్కన అలాగే పడున్నాయి. తీయించండి.

ఇట్లు,
ఒళ్లంతా దద్దుర్లతో,
రాఘవమ్మ.

తా.క. మా పంచాయతీ నీళ్ల ట్యాంకు యలమందతో క్యారియర్ పంపుతున్నాను. కింద గిన్నెలో గోంగూర, మధ్యలో కాకరకాయ కారం, పైన సున్నుండలు. అన్నీ బిందుకే. మీరు షుగరు మనిషి, పై గిన్నె జోలికి పోకండి.


ఈతలమిట్ట,
మంగళవారం.

జిల్లేళ్లపాలెం సర్పంచ్, మా చెల్లెమ్మగారు రాఘవమ్మగారికి,

అంకమ్మరావు నమస్కారం. మీ ఉత్తరం చదివాను. ఒక చెంబు మంచినీళ్లు తాగి మళ్లీ చదివాను. అయినా చల్లారలేదు.

ఆ దోమలు మావని ఎలా తేల్చారండీ? వాటికేమైనా రేషన్ కార్డులున్నాయా? పొగ పెట్టేముందు చెప్పలేదని నన్నన్నారే, మరి నిన్న మీరు మిషను తిప్పినప్పుడు నాకు చెప్పారా? గాలి తిరిగింది. ఆదివారం మీ ఊరొచ్చినవి సోమవారం తిరిగొచ్చేశాయి. ఒంటరిగా కూడా రాలేదు, మీ ఊళ్లో చుట్టరికాలు కలుపుకుని సంసారాలతో వచ్చాయి. మా రచ్చబండ దగ్గర కూర్చునే దిక్కు లేదు.

కలిసి ఒకే రోజు పొగ పెట్టుకుందామని మీరొక ముక్క రాస్తారేమో అని ఉత్తరం వెనక్కి తిప్పి కూడా చూశాను. లేదు. నేనెందుకు అడగాలి? మొన్నటిదాకా మాది గుంటూరు జిల్లా, మీది ప్రకాశం. ఇప్పుడు జిల్లాల పేర్లు మారాయి గానీ మధ్యన గీత అక్కడే ఉంది. మా ఆఫీసర్లు వేరు, మీ ఆఫీసర్లు వేరు. మా పై వాళ్లు చెప్పిన రోజే మేం పొగ పెడతాం.

ఇక టైర్లు. మేం పేర్చామా? మీ ఊరి వాళ్లు పేర్చలేదూ? వాటిమీద తెల్ల రంగుతో "ఈతలమిట్ట వాళ్లు రాకూడదు" అని రాసి ఉంది. మా ఊరికి మేమే రాకూడదని మేమే రాసుకుంటామా? మాకు మాత్రం మతి ఉంది. మా టైర్లు కూడా కొన్ని ఉన్న మాట నిజమే, కాదనను. మీవి తీయించండి, ఆ మర్నాడు మావి తీయిస్తాం. ముందు మేం తీస్తే తప్పు మాదని ఒప్పుకున్నట్టవుతుంది.

మీ ఊళ్లో జ్వరాలని మీరే రాశారు కాబట్టి ఇంకో మాట. మీ ఊరి మనిషి ఎవరూ మా ఊళ్లో అడుగు పెట్టడానికి వీల్లేదని పంచాయతీలో చెప్పేశాను. యలమంద అయినా సరే. క్యారియరూ ఉత్తరమూ పొలిమేర దగ్గర టైర్ల కాడ అందిస్తే మా ఇంటి మనిషి తీసుకుంటుంది.

ఇట్లు,
గీత ఇవతలి నుంచి,
అంకమ్మరావు.

తా.క. తినుబండారాలొచ్చిన గిన్నె ఖాళీగా తిప్పి పంపే ఇల్లు కాదు మాది. కోటేశ్వరి నిమ్మకాయలు పెట్టింది. సున్నుండ ఒకటి తగ్గిందని బిందు అంటోంది. దోమలు తిన్నాయేమో, మీ ఊరివి.


జిల్లేళ్లపాలెం,
శుక్రవారం.

అంకమ్మరావుగారికి,

ఈసారి అన్నయ్యగారు అనలేదు, గమనించండి.

మీ ఊళ్లో డెంగీ ఒక్కటి కూడా లేదని మీ మండలానికి రాసిచ్చారట. మా ఏఎన్‌ఎం నసీమున్నీసా చెప్పింది. సిగ్గుండాలి. మరి బుల్లయ్య సంగతేంటి? టైర్ల పక్కన మిరపతోటలో, సరిగ్గా పొలిమేర మీద కాపలా పాక వేసుకున్న బుల్లయ్యే. అందరికంటే ముందు జ్వరమొచ్చింది అతనికి. మంచం మీ వైపుంది, పొయ్యి మా వైపుంది. మీ వాళ్లేమో "ఓటు జిల్లేళ్లపాలెంలో ఉంది, వాళ్ల లెక్కలో రాసుకుంటారు" అన్నారట. మా వాళ్లేమో "పడుకునేది ఈతలమిట్టలో" అన్నారు. జ్వరమొచ్చేది మంచం మీదా పొయ్యి మీదా? మనిషి మూలుగుతుంటే రెండు ఊళ్ల నుంచీ వెళ్లి గుమ్మంలో నిలబడి వాదించుకొచ్చారు తప్ప ఒక్కరూ మాత్ర ఇవ్వలేదు. ఆఖరికి నేనే ఆటో పెట్టించి పర్చూరు పంపాను. అవునండీ, మా వాళ్లు కూడా అలాగే అన్నారు. వాళ్లని నేను కడిగేశాను. మీరు మీ వాళ్లని కడిగారా?

అతని తర్వాత జ్వరాలొచ్చినవన్నీ డొంక వైపు ఇళ్లే. మీ గాలి తగిలే ఇళ్లు. ఇంకేం రుజువు కావాలి మీకు?

మీ ఊరు పొగమంచు పట్టినట్టుంటే నా బిడ్డ అక్కడ ఎలా ఊపిరి పీలుస్తుంది? రేపే కారు పంపుతాను. పిల్లని పంపేయండి. సీమంతం, మంచిరోజు అన్నీ ఇక్కడే చేసుకుంటాను.

ఇట్లు,
ఓర్పు అయిపోయిన
రాఘవమ్మ.

తా.క. పై గిన్నె జాగ్రత్తగా తెరవండి. అందులో మా పంచాయతీ ఆఫీసులో కొట్టిన మీ ఊరి దోమలున్నాయి. చచ్చినవే. మీవి మీకు అప్పగిస్తున్నాను.


ఈతలమిట్ట,
శనివారం.

రాఘవమ్మగారికి,

మీ పై గిన్నె సంగతి ముందు చెప్తాను. మీ ఉత్తరం నా చేతికి రాకముందే గిన్నె వంటింట్లోకి వెళ్లింది. కోటేశ్వరి కళ్లకి అద్దాలు లేక మిరియాలనుకుని చారులోకి దంచబోయింది. మా కోడలు చూసి కేకేసింది కాబట్టి బతికిపోయాం. లేకపోతే ఈ పూట నేను మీ ఊరి దోమల చారు పోసుకుని అన్నం తినేవాణ్ని. మీకు మనిషితనం ఉందా?

కారు వచ్చింది. వచ్చిన దారినే పంపించేశాను. జ్వరాలున్న ఊరికి ఏడో నెల పిల్లని పంపడానికి నాకు మతిపోలేదు. నా మనవడో మనవరాలో ఉన్నారు ఆ కడుపులో. త్రినాథ్ దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో డ్యూటీలో ఉన్నాడు, ఆదివారం గానీ రాడు. వాడు లేనప్పుడు పిల్ల బాధ్యత నాది. ఇంట్లో కిటికీలన్నిటికీ నెట్ కొట్టించాను. పొద్దున్నా సాయంత్రం సాంబ్రాణి. పగలు కూడా దోమతెరలోనే పడుకోబెడుతున్నాం. నా ఇంట్లో నా కోడల్ని ముట్టుకునే దోమ ఇంకా పుట్టలేదు.

డెంగీ లేదని రాసిచ్చానా? ఇచ్చాను. ఉందని రాస్తే మిరపకాయల వ్యాపారి మా ఊరి కళ్లాల్లోకి వస్తాడా? మీరు ఎన్ని రాసిచ్చారో నాకు తెలీదా? మీ ఊరి సలీం జ్వరాన్ని వైరల్ అని రాయించలేదూ? ఇద్దరం దొంగలమే. నన్నొక్కణ్నే దొంగంటే ఊరుకోను.

ఇకనుంచి మేం రోజూ పొగ పెడతాం. గాలి ఎటు వీస్తే మీకేం?

ఇట్లు,
అంకమ్మరావు, సర్పంచ్.

తా.క. క్యారియర్ ఖాళీగా పంపుతున్నాను. కావాలనే.


జిల్లేళ్లపాలెం,
ఆదివారం.

అంకమ్మరావుకి,

ఖాళీ గిన్నె. నా పుట్టింట్లో, మెట్టింట్లో ఇంతవరకూ ఖాళీ గిన్నె ముఖం చూడలేదు నేను. పసుపు కొమ్ము కూడా దొరకలేదా మీ ఇంట్లో? ఉప్పు కల్లు? చిటికెడు పంచదార వేసినా నోరు మూసుకునేదాన్ని.

మీరు రోజూ పొగ పెడితే మేం రోజుకి రెండుసార్లు పెడతాం. మా ట్రాక్టరు, మా మిషను, మా డీజిలు. పాడి గేదెలు దగ్గుతున్నాయని మా వాళ్లు అంటున్నారు, దగ్గనీ. మీ ఊరు పొగలో కనపడకుండా పోయేదాకా ఆపను.

క్యారియర్ మాత్రం ఆపను. అది మీకు కాదు, నా బిడ్డకి. రోజూ నాలుగింటికి టైర్ల కాడికి వస్తుంది. ఉత్తరం ఉన్న రోజు ఉత్తరంతో, లేని రోజు కూరతో. మీ ఇంటి మనిషిని ఆలస్యం చెయ్యకుండా పంపండి. మా యలమంద ట్యాంకు నింపాక గానీ రాలేడు, కాస్త అటూ ఇటూ అయితే ఆ మనిషిని వెయిట్ చెయ్యమనండి.

రాఘవమ్మ.

తా.క. ఖాళీ గిన్నె తోమించి కూడా పంపలేదు.


ఈతలమిట్ట,
ఆ తర్వాతి గురువారం.

చెల్లెమ్మా,

బిందుకి రాత్రి నుంచి జ్వరం. కళ్లు నొప్పులంటోంది. పొద్దున రక్తం పరీక్ష చేయిస్తే డెంగీ అన్నారు, ప్లేట్‌లెట్లు తగ్గుతున్నాయట. గుంటూరు బ్రాడీపేటలో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తున్నాం. కోటేశ్వరి కారులో కూర్చుంది, నేను బానెట్ మీద కాగితం పెట్టి రాస్తున్నాను. ఫోన్ చేద్దామంటే, మీ గొంతు వింటే ఏడుస్తానని భయంగా ఉంది. మోటారు సైకిలు మీద మనిషితో ఇది పంపుతున్నాను. బయల్దేరి వచ్చేయండి.

అంకమ్మరావు.

తా.క. నెట్ కొట్టించాను చెల్లెమ్మా. ఒక్క కిటికీ కూడా వదల్లేదు. ఎలా వచ్చిందో నాకు అర్థం కావడం లేదు.


బ్రాడీపేట ఆసుపత్రి, వరండా, మెట్ల వైపు బెంచీ.
శుక్రవారం.

వరండా అవతలి చివర కూర్చున్న అంకమ్మరావుకి,

నర్సమ్మ చేత ఈ చీటీ పంపుతున్నాను. మీ దగ్గరికి వచ్చి మాట్లాడితే ఆసుపత్రి అని కూడా చూడకుండా అరుస్తాను.

నా ఇంటికి పంపమంటే పంపలేదు. కారుని వెనక్కి తిప్పారు. "నా కోడల్ని ముట్టుకునే దోమ ఇంకా పుట్టలేదు" అని రాశారే, ఇప్పుడు పుట్టిందా? నా బిడ్డని కుట్టింది ముమ్మాటికీ మీ ఊరి దోమే. మీ ఊళ్లో ఉంది కాబట్టి మీ దోమే. దానికిక సాక్ష్యం అక్కర్లేదు. ఆ కడుపులో బిడ్డకేమైనా అయితే మిమ్మల్ని వదలను. మీ ఊరిని వదలను.

ప్లేట్‌లెట్లు ఎక్కించాలన్నారు. మా ఊరి నుంచి బాషా మోటారు సైకిలేసుకుని వచ్చి ఇచ్చాడు, అడక్కుండానే. మీ ఊరి నుంచి ఎవరొచ్చారు?

రాఘవమ్మ.

తా.క. అక్షరాలు వంకరగా ఉంటే కోపం వల్ల కాదు. కళ్లజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చాను. మీరు రాసేది కాస్త పెద్దగా రాయండి.


అదే వరండా, కిటికీ వైపు బెంచీ.

చెల్లెమ్మగారికి,

పెద్దగా రాస్తున్నాను.

మా ఊరి నుంచి సిద్దికా వచ్చింది. ఆదివారం చుట్టాలింట్లో పెళ్లి పెట్టుకుని కూడా వచ్చి ఇచ్చి వెళ్లింది. పైన గదిలో ఉందప్పుడు, మీరు చూడలేదు.

మీరు మీ ఊరి దోమల్ని రోజుకి రెండు పొగలేసి మా ఊళ్లోకి తోలారు. ఆదివారం రాసిన ఉత్తరం నా జేబులోనే ఉంది. "మీ ఊరు కనపడకుండా పోయేదాకా" అని రాశారు. అందులో నా కోడలుందని మర్చిపోయారా? కుట్టింది మీ దోమే.

అయినా ఆ మాట ఎవరితో అనగలను? రాత్రంతా నిద్ర లేదు. డాక్టరమ్మ గుండె చప్పుడు వినిపించింది, లోపలి బిడ్డది. గబగబా కొట్టుకుంటోంది. అది విని బయటికొచ్చి గోడ పట్టుకుని నిలబడ్డాను.

అంకమ్మరావు.

తా.క. టీ తెప్పించాను. మీది నర్సమ్మ తెస్తుంది. పంచదార వేయించాను. ఖాళీ గ్లాసు కాదు.


గుంటూరు, ఆసుపత్రి, మంచం మీద నుంచి,
సోమవారం.

అమ్మకీ మావయ్యగారికీ, ఇద్దరికీ కలిపి,

నా చేతికి సెలైన్ తీసేశారు కాబట్టి రాయగలుగుతున్నాను. ప్లేట్‌లెట్లు పెరిగాయి. లోపలున్నది కూడా పొద్దున్నుంచీ తంతూనే ఉంది. గండం గడిచిందని డాక్టరమ్మ చెప్పింది. కాబట్టి ఇప్పుడు నేను తిట్టొచ్చు. నాకెంత కోపంగా ఉందో మీరిద్దరూ కలిపినా అంత ఉండదు.

డాక్టరమ్మ నన్నొక ప్రశ్న అడిగింది. "ఈ దోమ పగలు కుడుతుందమ్మా. ఇంట్లో నెట్లున్నాయంటున్నావు. పగలు ఇంట్లో కాకుండా ఎక్కడ కూర్చుంటావు?" అని.

మావయ్యా, ఆ "మా ఇంటి మనిషి" ఎవరనుకున్నారు? ఎవరో కూలి మనిషని మీరనుకున్నారు. అమ్మా, నువ్వూ అదే అనుకున్నావు. నేనే. రోజూ నాలుగింటికి నడక కోసమని చెప్పి నేనే వెళ్లాను. మీ ఉత్తరాలు ఇంకెవరి చేతిలోనైనా పడితే రెండు ఊళ్లూ కర్రలు పట్టుకుని బయటికొస్తాయని భయం. అందుకే ఎవరినీ పంపనివ్వలేదు, నేనొస్తున్నట్టు ఎవరికీ చెప్పొద్దని యలమంద చేత ఒట్టు వేయించుకున్నాను.

మావయ్య మాట ప్రకారం యలమంద ఇటు రాకూడదు. అమ్మ మాట ప్రకారం అతను ట్యాంకు నింపుకుని నిదానంగా వస్తాడు. అందాకా ఈ ఏడో నెల కడుపుతో నేనెక్కడ నిలబడను? టైరు మీద కూర్చునేదాన్ని. కాళ్లకి దోమలు కుడుతుంటే తోలుకుంటూ, మీ ఉత్తరాలు చదువుతూ కూర్చునేదాన్ని. తెల్లచారల దోమలు. టైర్లలో వాన నీళ్లు నిలిచి, అందులో చిన్న చిన్న పురుగులు వంకీలు తిరుగుతుండేవి. చూస్తూనే ఉన్నాను. ఏమిటో తెలీలేదు. డాక్టరమ్మ ఫోన్లో ఫొటో చూపిస్తే తెలిసింది, అవే దోమ పిల్లలని. బుల్లయ్యకి అందరికంటే ముందు ఎందుకొచ్చిందో, డొంక వైపు ఇళ్లకే ఎందుకొచ్చిందో ఇప్పటికైనా అర్థమైందా? గాలి కాదమ్మా.

మీరు ఒకళ్లని ఒకళ్లు రానివ్వకుండా పేర్చుకున్న టైర్లలో పుట్టిన దోమ నన్ను కుట్టింది. మీరు ఊళ్లో పొగ పెట్టుకుంటూ ఊరేగుతుంటే అది పొలిమేరలో హాయిగా కాపురం చేసుకుంటోంది. ఫోన్లో అరుచుకోకుండా కాగితం మీద రాసుకోమన్నది నేనే. ఒక్కో ఉత్తరానికి ఒక్కో సాయంత్రం. మీ కోపమంతా నా కాళ్ల మీదుగా అటూ ఇటూ నడిచింది.

బాషా ఇచ్చినవీ సిద్దికా ఇచ్చినవీ ప్లేట్‌లెట్లు నాలో ఎక్కించారు. అవి లోపలికెళ్లి నీది ఏ ఊరని ఒకదాన్నొకటి అడగలేదు.

ఇక నా మాట. నేను అమ్మ ఇంటికీ రాను, మావయ్య ఇంటికీ రాను. త్రినాథ్ ఈ వీధిలోనే గది చూశాడు. మీరిద్దరూ ఒకే రోజు, ఒకే ట్రాక్టరు మీద, రెండు ఊళ్ల మనుషుల్నీ తీసుకెళ్లి ఆ టైర్లన్నీ ఎత్తించండి. రెండు ఊళ్లలో ఒకే సాయంత్రం పొగ పెట్టండి. నసీమున్నీసా ఆంటీనీ, ఈతలమిట్ట ఏఎన్‌ఎంనీ కలిపి కూర్చోబెట్టి ఉన్న జ్వరాలు ఉన్నట్టుగా రాయించండి. వ్యాపారి రాకపోతే రాకపోనీ. బుల్లయ్యని ఇద్దరూ వెళ్లి పలకరించండి. ఆ డొంక మీదుగా నా కాళ్లతో నేను నడిచొచ్చే రోజున, ఎవరింట్లో పురుడో అప్పుడు మాట్లాడదాం.

ఇట్లు,
మీ ఇద్దరి పొలిమేర,
బిందుమాధవి.

తా.క. 1. నేను కూర్చున్నది ఏ ఊరి టైరు మీదో నాకు బాగా గుర్తుంది. రాత కూడా చదివాను. చచ్చినా చెప్పను. చెబితే రేపట్నుంచి మళ్లీ మొదలెడతారు.

తా.క. 2. సున్నుండ తిన్నది మావయ్యే. చూశాను.

తా.క. 3. ఈ ఉత్తరం ఒకటే రాశాను, రెండో కాపీ లేదు. అమ్మకి కళ్లజోడు లేదు. కాబట్టి మావయ్యా, మీరు ఆ కిటికీ దగ్గర్నుంచి లేచి అమ్మ బెంచీ మీదికెళ్లి కూర్చుని, మొదట్నుంచీ చివరిదాకా గట్టిగా చదివి వినిపించండి. తలుపు తీసే ఉంచాను. నాకు వినపడాలి.